సూది లేని సాక్ష్యం

ఆయన చనిపోయిన రోజు మా చర్చి సంఘం గ్రూపులో ఫొటో పెట్టి, కింద 'దైవజనుడు ప్రభువు సన్నిధికి చేరుకున్నారు' అని రాశారు. ఆయన చూసి ఉంటే ముందు ఆ ఫొటో మార్చమనేవాడు. అది ఆయన వీడియోలోంచి తీసిన బొమ్మ. నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసి, తుమ్మబోతున్నవాడిలా ఉన్నాడు. తర్వాత ఆ 'దైవజనుడు' అన్న మాట తీసేయమనేవాడు. ఎవరైనా అలా పిలిస్తే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే.

"నేను దైవజనున్ని కాదు బిడ్డా, కండక్టర్‌ను."

నిజంగానే కండక్టర్. వరంగల్ నుంచి ములుగు మీదుగా అడవి ఊళ్లకు పోయే బస్సుల్లో సర్వీసంతా గడిపాడు. రిటైరైనా ఒంట్లోంచి బస్సు దిగలేదు. నిలబడితే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేవాడు, ఎక్కడ బ్రేకు పడుతుందోనన్నట్టు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు, దాని వీపు పట్టుకుని నిలుచునేవాడు. మనతో మాట్లాడుతూ మన భుజం మీదుగా వెనక్కి చూసేవాడు. మొదట్లో నాకు కోపం వచ్చేది, నా మాట వినడం లేదని. తర్వాత అర్థమైంది, ఇంకా ఎక్కాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని చూస్తున్నాడు. అది కంటికి పట్టిన అలవాటు, పోదు.

నాది పిండి గిర్ని. ఆయన ఇల్లు గిర్నికి సరిగ్గా ఎదురుగా. రిటైరయ్యాక ఆయనకు తోచక, నాకు గిరాకీ లేక, ఇద్దరం రోజులో సగం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ గడిపేవాళ్లం. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అనేవాణ్ని. ఆదివారం ఒకే చర్చికి వెళ్లేవాళ్లం. ఆయన ముందు వరసలో, నేను వెనక ఫ్యాను కింద. దేవుడంటే నాకు భయం భక్తి రెండూ ఉన్నాయి గాని, ఫోన్లో దేవుణ్ని చూపించేవాళ్లంటే అప్పటికీ ఇప్పటికీ పెద్దగా పడదు. పొద్దున లేవగానే పావురాలు, సూర్యోదయాలు, గులాబీలు, వాటి మీద వాక్యాలు. అవన్నీ తుడుచుకునేసరికే చేతి వేళ్లు నొప్పి పుడతాయి.

అలాంటి నా ఎదురుగానే ఆయన ఛానల్ పెట్టాడు. రోజూ పొద్దున నడక నుంచి రాగానే ఇంటి ముందు అరుగు మీద నిలబడి, నీళ్ల డ్రమ్ము మీద ఇటుక పెట్టి, ఇటుకకు ఫోన్ ఆనించి లైవ్ మొదలుపెట్టేవాడు. నడుము పై భాగమే కనిపించేది. కింద లుంగీయే ఉన్నా పైన మాత్రం ఇస్త్రీ చొక్కా. మొదలుపెట్టడం వందనాలతో కాదు.

"ఎక్కినోళ్లు జర లోపటికి జరుగున్రి, ఎనకున్నోళ్లు ఎక్కాలె."

ఫోన్లో లోపలికి జరగడమేమిటి అన్నాను ఒకసారి. ముందు వచ్చినవాళ్లు తలుపు దగ్గరే నిలబడితే కొత్తవాళ్లు ఎట్లా వస్తారని నన్నే అడిగాడు. ఒక వాక్యం చదివేవాడు. దాని గురించి పెద్దగా ప్రసంగం చేసేవాడు కాదు. బస్సులో జరిగిన సంగతి ఏదో ఒకటి చెప్పి, ప్రార్థన చేసి, ఆమెన్ అని, వెంటనే "రైట్, రైట్" అనేవాడు. సంఘ పెద్దల్లో ఒకాయనకు అది నచ్చలేదు. ఆమెన్ తర్వాత ఇంకో మాట ఉండకూడదని చెప్పి పంపాడు. ఆమెన్ అంటే అయిపోయిందని కాదు గదా, కదలమనే గదా అర్థం, అని ఈయన జవాబు చెప్పి పంపాడు. ఆ పంచాయితీ తెగలేదు.

ఆ లైవుల నిండా మా గిర్ని చప్పుడే. ఎక్కడో కరీంనగర్‌లో ఉన్నావిడ ఆ మోత ఏంటని అడిగిందట. మా వీధికి గోధుమలు పట్టించడానికి వచ్చే సాయిబు ఒకాయన రోజూ తప్పకుండా ఆ లైవ్ చూసేవాడు. నాకు ఆశ్చర్యమేసి ఎందుకని అడిగాను. గిర్ని నడుస్తోందో, కరెంటు పోయిందో ఇంటి దగ్గరే తెలిసిపోతుందట, ఉత్త పుణ్యానికి సంచి మోసుకుని రానక్కర్లేదట. ఈ సంగతి చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. తన లైవ్ వల్ల ఒక్కరికైనా ఉపకారం జరిగిందన్నాడు.

ఇంకో దేవుణ్ని ఒక్క మాట అనేవాడు కాదు. ఇలాంటి ఛానళ్లు నడిపేవాళ్లలో అది అరుదని నాకు తర్వాత తెలిసింది. జాతర డ్యూటీలు చేసిన మనిషి. బెల్లం ముద్దలు ఒళ్లో పెట్టుకుని పూనకాలతో ఊగేవాళ్లను, దర్గాకు చాదర్ తీసుకుపోయేవాళ్లను, పాలకుర్తి గుట్ట మీది గుడికి ఎక్కివచ్చిన ముసలమ్మలను భుజం పట్టి కూర్చోబెట్టిన మనిషి. ఎవరు ఏ దేవుడి దగ్గరికి పోయినా టికెట్ ఒకటేనని అనేవాడు. వాదనలకు రమ్మని వేరే ఛానల్ వాళ్లు పిలిస్తే, బస్సులో కొట్లాట పెట్టుకుంటే దింపేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు కాలి సంగతి.

షుగర్ ఆయనకు సర్వీసులో ఉన్నప్పటి నుంచే. చెప్పు కరిచిన పుండు మానలేదు. మానుతుందిలే అనుకుంటూ ఉంటే పాదం నల్లబడింది. పెద్ద దవాఖానలో చేర్పించాం. మోకాలి కింద తీసేయాల్సి రావచ్చు అన్నారు డాక్టర్లు. తర్వాత ఇంకొంచెం చూద్దాం అన్నారు. పుండు కోసి శుభ్రం చేశారు, రెండు వేళ్లు తీసేశారు, షుగర్‌ను సూదులతో అదుపులోకి తెచ్చారు. ఈలోగా మా సంఘమంతా వంతులు వేసుకుని ఆయన్ను చూసుకుంది. ఒక ఇంటి నుంచి జొన్నరొట్టె, ఒక ఇంటి నుంచి ఉప్మా. మా ఆవిడ అయితే సూది వేళ దాటిందని నర్సుతో పోట్లాట కూడా పెట్టుకుంది. చివరికి కాలు నిలిచింది. ఇంటికి వచ్చాడు.

మాలో సాక్ష్యం చెప్పే ఆచారం ఉంది. మేలు పొందినవాళ్లు ఆదివారం ఆరాధనలో నిలబడి, దేవుడు తమకు ఏం చేశాడో అందరి ముందు చెబుతారు. ఆ సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. ఎవరూ నేర్పరు గాని చిన్నప్పటి నుంచి వింటూ వింటూ అందరికీ వచ్చేస్తుంది. డాక్టర్లు ఏమీ చేయలేమన్నది చెబుతారు. ప్రార్థన చేసింది చెబుతారు. లేచి నడిచింది చెబుతారు. మధ్యలో ఎక్కించిన సెలైను, వేసిన సూది, మింగిన మాత్ర ఎవరూ చెప్పరు. దాచాలని కాదు. వింటున్నవాళ్లే ఆ సెలైను సీసా పట్టుకుని నిలబడ్డవాళ్లు. వాళ్లకు మళ్లీ చెప్పడమెందుకు? పెళ్లిలో వధూవరుల పేర్లు చదువుతారు గాని వంటవాళ్ల పేర్లు చదవరు కదా, అట్లాంటిదే.

ఆయనా ఆ పద్ధతిలోనే చెప్పాడు.

"మోకాలి కింద తీసేయాలన్నరు. నా దేవుడు అక్కెర లేదన్నడు. నడుసుకుంట వచ్చిన, చూడున్రి."

అని ముందు నుంచి వెనక తలుపు దాకా నడిచి చూపించాడు. చర్చి అంతా ఏడ్చింది. నర్సుతో పోట్లాడిన మా ఆవిడే అందరికంటే ఎక్కువ ఏడ్చింది. అది అబద్ధమని ఆ రోజు మాలో ఎవరికీ అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. మా మధ్య అది పూర్తి సాక్ష్యం.

పాటలు పాడే అమ్మాయి ఒకతె దాన్ని ఫోన్లో తీసి ఆయన ఛానల్లో పెట్టింది. అంతవరకూ ఆ ఛానల్ చూసేవాళ్లంటే మా వీధివాళ్లు, ఆయన పాత డ్రైవర్లు, గోధుమల సాయిబు. ఈ వీడియో మాత్రం ఎక్కడెక్కడికో పోయింది. ఎవరెవరో దింపుకుని, వెనకాల సంగీతం కలిపి, 'డాక్టర్లు చేతులెత్తేసిన కాలు' అని ఎర్ర అక్షరాలు అంటించి తమ ఛానళ్లలో పెట్టుకున్నారు. కింద ప్రార్థన కోసం అని ఈయన నంబరు ఉండేది. ఇక ఫోన్లే ఫోన్లు. ఎవరు చేసినా ముందు ఏ ఊరని అడిగేవాడు. చెప్పగానే ఆ ఊరి బస్సు స్టేజీ దగ్గర బోరింగ్ ఉండాలి, ఇంకా ఉందా అని అడిగేవాడు. అవతలివాళ్లు సగం బాధ అక్కడే మరిచిపోయేవాళ్లు. ఆయన సంతోషంగా ఉండేవాడు. తన బస్సు పోని ఊళ్లకు తన మాట పోతోందని నాతో చాలాసార్లు అన్నాడు.

ఒక రోజు గిర్నిలో నా దగ్గర నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. బస్సు ఇంజన్ పక్కన బతికిన చెవులు కాబట్టి ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడేవాడు. ఒకావిడ. ములుగు దాటాక అడవి పక్క ఊరు. గిర్ని ఆపమని నాకు చెయ్యి ఊపాడు. పిండి సగంలో ఉండగా ఆపాను.

"అన్నా, మీ వీడియో చూసిన కాన్నుంచి మా ఆయన షుగర్ సూది ఏసుకుంటలేడు," అంది ఆవిడ. "దేవుడే కాలు నిలబెడ్తడు అంటాండు. కాలు వాసన వస్తాంది. మీ మాట తప్ప ఎవలి మాట ఇనడు. జర మీరు చెప్పున్రి."

ప్రార్థన చేయమని ఆవిడ అడగలేదు. మానేసి ఎన్నాళ్లైందని అడిగితే నెల దాటిందంది. వెంటనే దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. మంచం దిగడంట. ఆ మనిషికి ఫోన్ ఇమ్మంటే ఇచ్చింది గాని, ఈయన గొంతు వినగానే అతను సంతోషంతో స్తోత్రాలు చెప్పడమే తప్ప ఏదీ వినలేదు. ఫోన్ పెట్టేసి ఆయన నా వైపు తిరిగాడు. తర్వాత నన్ను అడిగాడు.

"నా సాక్ష్యంల సూది మాట చెప్పిన్నా?"

లేదన్నాను.

"మీకు తెలుసు గదా."

మాకు తెలుసన్నాను.

"గాయినకు తెల్వది," అన్నాడు.

అప్పటికప్పుడు బయల్దేరదామన్నాడు. వదిన, అంటే ఆయన భార్య, మాట తక్కువ మనిషి. ఎక్కడికని కూడా అడగకుండా ఇన్సులిన్ సీసాను తడిగుడ్డలో చుట్టి, స్టీలు టిఫిన్‌లో పెట్టి, సిరంజితో పాటు సంచిలో వేసి ఇచ్చింది. వేళకు తినమని మాత్రం నాకు చెప్పింది, ఆయనకు చెప్పి లాభం లేదని తెలుసు కాబట్టి. ములుగు దాకా బస్సులో, అక్కడి నుంచి జీపులో పోయాం. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఆయన నిలబడే వచ్చాడు. ఆ కాలితో నిలబడొద్దన్నా వినలేదు. ఆయన మాట్లాడకుండా బస్సు ప్రయాణం చేయడం నేను చూసింది అదొక్కసారే.

ఆ ఇంట్లో మనిషి నలభై దాటినవాడు. మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. తలగడ పక్కన ఫోన్. ఈయన్ను గుమ్మంలో చూడగానే లేచి కూర్చోబోయాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. దేవుడే పంపాడన్నాడు. చేతులుంచి ప్రార్థన చేయమన్నాడు. గదిలో వాసన ముక్కు పగిలేలా ఉంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను, ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆయన ప్రార్థన చేయలేదు. ఆకలైతోంది, అన్నం పెట్టు చెల్లె, అన్నాడు ఆ ఇంటావిడతో. తర్వాత మంచం అంచున పాదం ఎత్తి పెట్టి మేజోడు విప్పాడు. వేళ్లు లేని చోటు ఆ మనిషికి కనపడేలా తిప్పాడు. ఏ వీడియోలోనూ ఆ పాదం కనిపించలేదు. ఆ తర్వాత టిఫిన్ తెరిచి, సిరంజిలోకి మందు లాగి, చొక్కా పైకెత్తి అందరి ముందే పొట్టలో పొడుచుకున్నాడు.

"మీరు సూది ఏసుకుంటాండ్రా?" అన్నాడు ఆ మనిషి.

"రెండు పూటల."

"మరి దేవుడు నిలబెట్టిండన్నరు గదా."

"నిలబెట్టిండు. సూదితోని, కత్తితోని. కాలి ఏళ్లు రెండు తీసినంక. నేను గది చెప్పలే."

ఆ మనిషి మొహంలో వెలుగు ఆరిపోవడం నేను చూశాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నమ్మినవాణ్ని ఇట్లా చేస్తారా అన్నాడు. దవాఖానకు రానన్నాడు. కాలు పోతే పోనీ, ప్రాణం పోతే పోనీ, ఇక ఎవరి మాటా విననన్నాడు. ఆవిడ కంచంలో అన్నం, పప్పు పెట్టి ఈయన ముందు ఉంచింది. ఎన్నడూ కుర్చీలో కూర్చోని మనిషి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కంచం ముట్టుకోలేదు.

సూది వేసుకున్నాక తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, మనిషి స్పృహ తప్పుతాడు. తినమన్నాను. ఆ మనిషి లేచి జీపు ఎక్కితేనే తను తింటానన్నాడు అన్న. మొండి ముసలివాడా అని కూడా అన్నాను, ఆయన్ను ఆ మాట ఎప్పుడూ అనలేదు. లాభం లేదు. కాసేపటికి నుదుటి మీద చెమట పట్టింది. వేళ్లు వణకడం మొదలైంది. ఆవిడ భయపడి బెల్లం ముక్క తెచ్చి నోటి దగ్గర పెడితే పెదవులు బిగించాడు. అది ప్రార్థనా కాదు, ఉపవాసమూ కాదు. బస్సులో టికెట్ తీసుకోని మనిషి ముందు కండక్టరు కదలకుండా నిలబడినట్టు కూర్చున్నాడు, అంతే.

గోడ వైపు తిరిగిన మనిషి ఇటు తిరిగాడు. ఈయన చేతులు చూశాడు. తనకూ షుగరే కదా, ఆ వణుకు ఏంటో అతనికి తెలుసు. 'తినున్రి, లేస్తాన' అన్నాడు. ముందు లెమ్మన్నాడు ఈయన. అతను కాళ్లు నేల మీద పెట్టాక, ఆవిడ చేతిలో బెల్లం తీసుకుని నోట్లో వేసుకున్నాడు. తర్వాత అన్నం కలుపుకుంటుంటే సగం మెతుకులు నేల పాలయ్యాయి. కోపంతో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమే అనుకున్నాను అప్పుడు.

ఆ రోజే అతన్ని వరంగల్ తీసుకొచ్చాం. మోకాలి కింద తీసేశారు. ప్రాణం దక్కింది. ఇంకొన్నాళ్లు ముందు వచ్చి ఉంటే కాలు కూడా దక్కేదేమో అన్నాడు డాక్టరు, మామూలుగా చెప్పే మాటలాగే. దవాఖాన వరండాలో ఈయన స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

"గా కాలు నేనే తీసిన తమ్మీ," అన్నాడు.

కాదని చెప్పాలనుకున్నాను. ఆయన చేతిలోని టిఫిన్ సంచి తీసుకుని నేను పట్టుకున్నాను.

ఆ తర్వాత ఆదివారం మళ్లీ సాక్ష్యానికి సమయం అడిగాడు. ఎందుకు, విశ్వాసంలో బలహీనులు తొట్రుపడతారు అన్నాడు రైట్ రైట్ నచ్చని పెద్దమనిషి. ఈయన అడిగి ఊరుకునే రకం కాదు, లేచి నిలబడి మొత్తం చెప్పాడు. డాక్టరు పేరు, సూది పేరు, తీసేసిన వేళ్లు, ములుగు అవతలి మనిషి కాలు. మా వాళ్లు ఆవలింతలు ఆపుకుంటూ విన్నారు. మాకు తెలిసిందే కదా ఇదంతా అని గొణుక్కున్నారు. ఆ సాక్ష్యం మాకు కొత్త కాదు. దాని అవసరం ఉన్నవాళ్లు మా చర్చిలో లేరు.

దాన్నీ ఛానల్లో పెట్టించాడు. పాతది తీసేయించాడు. కొత్తదాన్ని చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పాతది ఈయన ఛానల్లో లేకున్నా మిగతా ఛానళ్లన్నిటిలో పెరుగుతూనే ఉంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసేయమని బతిమాలాడు. సాక్ష్యం దేవునిది, మీది కాదు బ్రదర్, అన్నాడట ఒకాయన. దాంతో రోజూ ఆ వీడియోల కింద తనే రాయడం మొదలుపెట్టాడు. నేనే ఆ మనిషిని, సూది వేసుకుంటున్నాను, మందులు బంద్ చేయొద్దు అని. ఒక చోట ఎవరో జవాబిచ్చారు: 'నువ్వు నకిలీ. నిజమైన బ్రదర్ ఇలా అవిశ్వాసంగా మాట్లాడరు.' ఇంకోచోట ఆయన్ను రాయకుండా ఆపేశారు. ఇది నాకు చదివి వినిపిస్తూ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తన బస్సులోంచి తననే దింపేశారన్నాడు. నవ్వు అయిపోయాక ఫోన్ జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి లైవ్ పద్ధతి మారింది. వాక్యానికి ముందే ఇన్సులిన్ సీసా చూపించి, చొక్కా ఎత్తి, పొట్టలో పొడుచుకునేవాడు. ముందు టికెట్ తీసుకోవాలె, తర్వాతే ప్రయాణం అనేవాడు. విశ్వాసం సన్నగిల్లిందని కొందరు, పొద్దున్నే ఆ పొట్ట చూడలేకపోతున్నామని కొందరు వెళ్లిపోయారు. రెండోవాళ్లను నేను అర్థం చేసుకోగలను. మిగిలింది ఎక్కువగా షుగర్ ఉన్నవాళ్లు. ఆయనతో పాటు ఎక్కడివాళ్లు అక్కడే సూది వేసుకుని, 'అయింది అన్నా' అని కింద రాసేవాళ్లు. ములుగు ఆవిడ కూడా భర్త తరఫున రాసేది. అందరివీ అయ్యేదాకా ఆయన వాక్యం తెరిచేవాడు కాదు. నేను మాత్రలవాణ్ని. ఎదురుగా గిర్నిలోంచి చెయ్యెత్తి చూపిస్తే నన్నూ లెక్కలో వేసుకునేవాడు.

మొన్న ఒక పొద్దున నడక నుంచి వచ్చి, ఛాతీలో పట్టేసిందని అరుగు మీద కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడంటేనే నాకు భయమేసింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఆయన లేని వీధి ఖాళీగా ఉంది. ఆ మాట అనడానికి పెద్ద మాటలేమీ నాకు రావు.

ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక చర్చిలోనే పెట్టారు. గోడకు తెర కట్టి, ఆయన గొంతు అందరికీ ఒకసారి వినిపిస్తామన్నారు. వేసింది పాత సాక్ష్యం. వేరే ఎవరి ఛానల్లోంచో దింపినది, సంగీతంతో సహా. ఆయన తెర మీద ముందు నుంచి వెనక్కి నడిచాడు. జనం ఆమెన్ అన్నారు. అప్పుడు వదిన లేచింది. ఇన్నేళ్లలో ఆమె సాక్ష్యం చెప్పడం ఎవరూ వినలేదు. మైకు ఇవ్వబోతే వద్దంది.

"మోకాలి కింద తీసేయాలన్నరు. దేవుడు తీయనియ్యలే," అంది. "గిది సగమే. మిగిలిన సగం ఆయన చెప్పిండు, మీరు పెట్టలే. నేను చెప్త."

చెప్పింది. సూది ఏ వేళకు వేసేదో, మేజోడు విప్పితే ఏం కనిపించేదో, అడవి పక్క ఊళ్లో ఒక మనిషి ఇప్పుడు ఒంటికాలితో ఎందుకున్నాడో అంతా చెప్పింది. ఎవరూ ఆవలించలేదు. పెద్దమనిషి తల దించుకుని విన్నాడు. ఆ రోజు మా సంఘం మీద నాకు గౌరవం పెరిగింది.

సాయంత్రానికి నా ఫోన్‌కు ఒక చిన్న వీడియో వచ్చింది. వదినే. 'మోకాలి కింద తీసేయాలన్నరు. దేవుడు తీయనియ్యలే.' అక్కడ ఆగిపోయింది. సంగీతం పైకి లేచింది. కింద 'విధవరాలి సాక్ష్యం' అని అక్షరాలు. అప్పటికే దాన్ని వందలమంది పంచుకున్నారు. పెట్టిన మనిషి మా సంఘంవాడే, నంబరు దొరికితే ఫోన్ చేశాను. అతనేమీ దాచలేదు. పొట్టి వీడియోలో అంతే పడుతుందన్నాడు, కదిలించే ముక్క అదే కదా అన్నాడు, పూర్తి వీడియో కూడా పెట్టాను, కావాల్సినవాళ్లు చూస్తారన్నాడు. తీసేయమంటే పెద్దలను అడిగి చెబుతానన్నాడు. అతని మీద అరవడానికి నాకు ఓపిక లేకపోయింది.

ఇది ఆమెకు చూపించాలా వద్దా అని ఆలోచిస్తూ వీధి దాటాను. వదిన అరుగు మీద ఆయన ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. అప్పటికే చూసింది. ఏడవలేదు. దీని కింద ఎట్లా రాస్తారో చూపియ్యి తమ్మీ అంది. నేను రాస్తానన్నాను. వద్దు, రోజూ రాయాల్సిందే కదా, నేర్చుకుంటానంది. అక్షరాలు ఎక్కడున్నాయో చూపించాను. ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, తప్పు పడితే చెరుపుకుంటూ రాసింది.

'నేను ఆయన భార్యను. ఆయన సూది ఏసుకునేటోడు. మీరు మందులు బంద్ చెయ్యకున్రి.'

పంపాక అది వీడియో కింద వచ్చిందో లేదో కళ్లద్దాలు పెట్టుకుని చూసుకుంది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చింది.

"ఇది ఇంకా ఏడేడ ఉన్నదో తెరిసియ్యి."

చాలాచోట్ల ఉంది. పక్కన కూర్చుని ఒక్కొక్కటే తెరిచి ఇచ్చాను.